ఏడీఎస్ సూట్ డైవర్ కోర్సు అని లక్షలు అడుగుతున్నారు, కట్టొచ్చా?

జువ్వలదిన్నె_వెల్డర్:

అందరికీ నమస్కారం. మాది బోగోలు మండలంలో సముద్రం ఒడ్డు ఊరు. నాన్న వేటకి పోతాడు, నేను ఐటీఐ వెల్డింగ్ చేసి కృష్ణపట్నం వైపు కాంట్రాక్టు పనుల్లో ఉన్నాను. నీళ్ళంటే భయం లేదు, పడవ ఫ్యాన్‌కి వల చుట్టుకుంటే నడుముకి తాడు కట్టుకుని కత్తి పట్టుకుని దిగేది మా పడవలో నేనే.

విషయం ఏందంటే, చెన్నైలో ఒక ఏజెంటు పరిచయమయ్యాడు. అట్మాస్ఫెరిక్ డైవింగ్ సూట్ అని ఒకటుందంట, ఏడీఎస్ అంటారంట. మనిషి ఆకారంలో లోహంతో చేసిన సూట్, మనం లోపలికి దిగితే పైన బిగించి క్రేన్‌తో సముద్రంలోకి దించుతారు, 300 మీటర్ల లోతులో కూడా లోపల మాత్రం గట్టు మీద ఉన్నంత వత్తిడే ఉంటుంది, బెండ్స్ (లోతు నుంచి గబుక్కున పైకి వస్తే ఒంట్లో గ్యాస్ బుడగలు కట్టే జబ్బు) రావు, పైకి రాగానే సూట్ విప్పేసి భోజనానికి పోవచ్చు అంటున్నాడు. ఆరు వారాల కోర్సు, సర్టిఫికెట్, ఆ తర్వాత గల్ఫ్‌లో ఆయిల్ పనుల్లో ఉద్యోగం గ్యారంటీ. ఫీజు లక్షల్లో ఉంది. అమ్మేమో గాజులు బ్యాంకులో పెడదామంటోంది, నాన్న మాత్రం "అంత ఇనుము ఒంటికి తగిలించుకుని దిగితే పైకి ఎట్టా వస్తావురా" అని ఒకటే మాట.

వీడియోలు చూశాను, సూట్ అయితే నిజంగానే ఉన్నట్టుంది. నాకు అర్థం కానిది అంత వత్తిడిలో కాళ్ళు చేతులు ఎట్టా కదుపుతారనేది. ఇంకోటి, ఈ పని నిజంగా దొరుకుతుందా? వచ్చే వారంలోపు డబ్బు కట్టమంటున్నాడు, తెలిసినవాళ్ళు కాస్త చెప్పండి.

కందుకూరు_ఫిజిక్స్:

సూట్ నిజమే తమ్ముడూ. ఏజెంటు సంగతి ఆ పని చేసినవాళ్ళు చెప్తారు, నేను కాళ్ళు చేతుల సంగతి చెప్తాను, ఎందుకంటే ఈ సూట్ చరిత్ర అంతా కీళ్ళ చుట్టూనే తిరిగింది.

నీళ్ళలో ప్రతి 10 మీటర్లకీ సుమారు ఒక అట్మాస్ఫియర్ చొప్పున వత్తిడి పెరుగుతుంది. 300 మీటర్ల దగ్గర ప్రతి చదరపు సెంటీమీటరు మీదా దాదాపు 30 కిలోల బరువు. మందంగా, గుండ్రంగా చేసిన లోహపు డొల్ల దాన్ని తట్టుకోవడం పెద్ద వింతేమీ కాదు. 1715లోనే ఇంగ్లండులో జాన్ లెత్‌బ్రిడ్జ్ అనే ఆయన చెక్క పీపా ఒకటి చేసుకుని, తర్వాత దాంట్లో బోర్లా పడుకుని, గాజు పలకలోంచి చూసుకుంటూ, మునిగిన ఓడల్లోంచి వెండి బయటికి తీశాడు. కాకపోతే ఆయన చేతులు పీపా బయట ఉండేవి, తోలు పట్టీలతో బిగించి. ఒళ్ళంతా పీపాలో క్షేమంగానే ఉంది, చేతుల మీద మాత్రం నీళ్ళ వత్తిడి మొత్తం పడేది, అందుకే 20 మీటర్ల దగ్గరే ఆగిపోయాడు.

చేతులు కూడా లోపలే ఉండాలంటే వంగే కీలు కావాలి. ఎవరికైనా మొదట తట్టేది ముడతలు ముడతలుగా ఉండే గొట్టం. దాన్ని వంచితే లోపలి ఖాళీ కొంచెం తగ్గుతుంది, చాచితే పెరుగుతుంది. పెరిగే ప్రతి సీసీకీ బయట ఉన్న సముద్రాన్ని నీ కండబలంతో వెనక్కి తోయాలి. లెక్క వేసి చూడు: మోచేయి చాచినప్పుడు ఖాళీ 100 సీసీ పెరిగిందనుకో, 300 మీటర్ల దగ్గర ఆ ఒక్క కదలికకి 300 జౌల్స్ పని పడుతుంది, అంటే 30 కిలోల బస్తాని మీటరు ఎత్తుకి లేపినంత. చెయ్యి చాచిన ప్రతిసారీ అంతే! అసలు అందాకా కూడా రాదు, ఖాళీ ఎక్కడ తక్కువగా ఉంటుందో ఆ భంగిమలోకి సముద్రమే కీలుని నొక్కేసి అక్కడే బిగించేస్తుంది. 1882లో మార్సెయ్‌లో కార్మాన్యోల్ అన్నదమ్ములు అచ్చం మనిషిలాగే ఉండే సూట్ చేశారు, తల చుట్టూ చిన్న చిన్న అద్దాలు, చూడటానికి భలే ఉంటుంది. పనికి మాత్రం రాలేదు.

దారి దొరికింది ఎక్కడంటే, వంగినా లోపలి ఖాళీ మారని కీలులో. జోసెఫ్ పెరెస్ అనే ఆయన కీలు మధ్యలో ద్రవం నింపి, బరువంతా ఆ ద్రవం మోసేటట్టు చేశాడు. ఆ సూట్ పేరు ట్రైటోనియా. 1930లో స్కాట్లండులోని లాక్ నెస్ సరస్సులో జిమ్ జారెట్ అనే డైవర్ దాంట్లో 120 మీటర్లకు పైగా దిగాడు, 1935లో మునిగిపోయిన లూసిటానియా ఓడ దాకా కూడా పోయాడు. బ్రిటిష్ నేవీ మాత్రం మాకు అక్కర్లేదు పొమ్మంది. మళ్ళీ దుమ్ము దులిపింది 1960ల చివర్లో, నార్త్ సీలో ఆయిల్ మొదలయ్యాక. అప్పుడు మెగ్నీషియం మిశ్రమలోహంతో చేసిన కొత్త సూట్‌కి ఆ డైవర్ పేరే పెట్టి జిమ్ అన్నారు. 1979లో సిల్వియా ఎర్ల్ అనే శాస్త్రవేత్త హవాయి దగ్గర జిమ్ వేసుకుని 381 మీటర్ల లోతులో రెండు గంటలకు పైగా నడిచింది.

ఇప్పుడు వీడియోల్లో నువ్వు చూసేవి చాలావరకు కెనడా ఆయన ఫిల్ న్యూటెన్ చేసిన రకం. చేతిని జాగ్రత్తగా చూడు, అడ్డంగా కాకుండా ఏటవాలుగా కోసిన రింగులు వరసగా ఉంటాయి. ఏ రింగూ వంగదు, ఒకదాని మీద ఒకటి తిరుగుతుందంతే, రెండు మూడు రింగులు కలిసి తిరిగితే చెయ్యి వంగినట్టు అవుతుంది. తిరిగేటప్పుడు ఖాళీ మారదు కాబట్టి సముద్రంతో కుస్తీ లేదు. 20 సెంటీమీటర్ల వ్యాసం ఉన్న రింగు మీద 300 మీటర్ల దగ్గర 9 టన్నులకు పైగా బరువు పడుతుంది, అంత బరువు కిందా లోపలున్న మనిషి చేత్తో తిప్పగలుగుతున్నాడంటే మధ్యలో ఉన్న ఆయిల్ పొర చలవే. నాకైతే ఇంజనీరింగ్‌లో ఇంతకంటే అందమైన పని ఇంకోటి కనపడదు. 2006లో అమెరికా నేవీ డైవర్ డేనియల్ జాక్సన్ ఈ రకం సూట్‌లోనే కాలిఫోర్నియా దగ్గర 610 మీటర్లు దిగాడు.

ఉలవపాడు_మామిడి:

మాస్టారూ, క్లాసు బాగుంది గానీ వాళ్ళ నాన్న అడిగినదానికి జవాబేదీ? పైకి ఎట్టా వస్తాడు? 2023లో టైటానిక్ చూడబోయి ఆ టైటాన్ సబ్‌మెరైన్ నలిగిపోయింది గుర్తుందా, ఐదుగురు పొయ్యారు. నేనైతే మా తోటలో బావి కూడా దిగను.

కందుకూరు_ఫిజిక్స్:

మామిడి గారూ, ఆ పెద్దాయన అడిగింది మంచి ప్రశ్నే. గట్టు మీద జిమ్ సూట్ దాదాపు అర టన్ను. నీళ్ళలో దిగాక అది పక్కకి తోసే నీళ్ళ బరువు కూడా ఇంచుమించు అంతే, కాబట్టి తూకం కొద్ది కిలోలకు వచ్చేస్తుంది, అందుకే మనిషి నడవగలిగాడు. మామూలుగా అయితే తాడుతో పైకి లాగుతారు. తాడు పనిచేయకపోతే లోపల నుంచే అదనపు బరువులు వదిలేస్తే తేలుకుంటూ వస్తుంది. ఇప్పటి సూట్లకి చిన్న ఫ్యాన్లు కూడా ఉంటాయి, కాళ్ళ కింద పెడల్స్‌తో నడుపుకోవచ్చు. గాలి పైనుంచి పంపరు, లోపలి గాలినే తిప్పుతూ కార్బన్ డయాక్సైడ్‌ని రసాయనంతో పీల్చేసి, ఖర్చయిన ఆక్సిజన్ మాత్రం సిలిండర్ నుంచి కలుపుతారు. పని ఆరేడు గంటలే అయినా రెండు రోజులకు సరిపడా ఊపిరి పెట్టి మరీ దించుతారు.

టైటాన్ దిగబోయింది 3,800 మీటర్ల లోతుకి, అదీ కార్బన్ ఫైబర్ డొల్లతో, ఏ సంస్థ సర్టిఫికెట్టూ లేకుండా. మన సముద్ర టెక్నాలజీ సంస్థ ఎన్‌ఐఓటీ వాళ్ళు చెన్నైలో మత్స్య 6000 అని ముగ్గురు కూర్చునే వాహనం చేస్తున్నారు కదా, దాని గోళం 80 మిల్లీమీటర్ల మందం టైటానియం. తేడా అక్కడుంది.

పాత_డైవర్_ఒంగోలు:

అబ్బాయ్, మాస్టారు చెప్పినదంతా కరెక్టే, కానీ ఆయన మోచేతి దగ్గర ఆగిపోయారు. వేళ్ళ సంగతి నేను చెప్తాను, ఎందుకంటే నీకు జీతం ఇచ్చేది వేళ్ళకే.

ఆ సూట్‌కి వేళ్ళు లేవు. అంత చిన్న కీళ్ళు అంత వత్తిడికి పనిచేసేటట్టు చెయ్యలేక, చెయ్యి చివర రెండు పళ్ళ పట్టకారు పెట్టారు, లోపల నుంచి పిడి నొక్కితే మూసుకుంటుంది. దాంతో తాడు కొక్కెం తగిలించొచ్చు, వాల్వు తిప్పొచ్చు, పైపు మీద బ్రష్ కొట్టొచ్చు, కెమెరా పట్టుకోవచ్చు. ఫ్లాంజిలో బోల్టు పెట్టి, వెనక నట్టు ఎక్కించి, గాస్కెట్ సర్దే పని ఉందనుకో, గట్టు మీద నీకు రెండు నిమిషాల పని, ఆ పట్టకారుతో ప్రాణం విసుగెత్తిపోతుంది. మన పనిలో సగం కళ్ళు మూసుకుని తడిమి చేసేదే. నువ్వు ఫ్యాన్‌కి చుట్టుకున్న వల కోసేటప్పుడు ఏ పోగు ఎటు పోయిందో వేలు చెప్తుంది కదా, లోహపు చేతికి ఆ కబురు అందదు.

పాతకాలం నుంచీ ఇదే గొడవ. 1922లో లండన్ నుంచి బొంబాయి వస్తూ ఈజిప్ట్ అనే ఓడ ఫ్రాన్స్ దగ్గర పొగమంచులో ఇంకో ఓడ గుద్ది మునిగిపోయింది, నిండా బంగారం, వెండి. సుమారు 130 మీటర్ల లోతు. ఇటలీ వాళ్ళు ఆర్టిలియో అనే ఓడ తీసుకుని వెళ్ళారు, వాళ్ళ దగ్గర జర్మనీ లోహపు సూట్ కూడా ఉంది. చివరికి 1932లో బంగారం ఎట్టా తీశారయ్యా అంటే, ఒక మనిషిని చేతులే లేని గుండ్రటి గదిలో కిందికి దించి, వాడు అద్దంలోంచి చూసి ఫోన్‌లో "కాస్త ఎడమకి, ఇంకా కిందికి" అని చెప్తుంటే పైనుంచి క్రేన్ పంజాతో తీశారు. కింద కన్ను, పైన చెయ్యి. ఇప్పుడు ఓడ మీద నుంచి నడిపే ఆర్‌ఓవీ రోబోలు చేస్తున్నదీ అదే కదా, కన్ను కూడా పైకే వచ్చేసింది, అంతే తేడా.

నేను ముంబై హైలో చేశాను, అక్కడ నీళ్ళు 75 మీటర్లు అటూ ఇటూ. 50 మీటర్ల దాకా మామూలు గాలితో పైనుంచి గొట్టం పెట్టుకుని దిగొచ్చు, అది దాటితే గాలిలోని నైట్రోజన్ తలకెక్కుతుంది, అందుకని హీలియం కలిపిన గ్యాస్. శాచురేషన్ అంటే ఓడ మీద ఉక్కు గదిలో అదే వత్తిడిలో వారాల తరబడి తిని, పడుకుని, అదే వత్తిడి ఉండే బెల్లులో (కిందికి దించే చిన్న గదిలో) పోయి పని చేసి మళ్ళీ అదే గదిలోకి రావడం. హీలియంకి గొంతు కీచుగా మారిపోతుంది, మనం ఇంటికి ఫోన్ చేస్తే మన అమ్మే గుర్తుపట్టదు. పని అయిపోయాక వత్తిడి దించడానికి 30 మీటర్లకి ఒక రోజు లెక్కన, పైన ఇంకో రోజు, అంటే 300 మీటర్ల పని అయితే పది పదకొండు రోజులు ఆ గదిలో ఊరికే కూర్చోవాలి. దాంట్లో ప్రమాదాలూ ఉన్నాయి, 1983లో నార్వే వైపు బైఫోర్డ్ డాల్ఫిన్ అనే రిగ్ మీద గది వత్తిడి ఒక్కసారిగా పోయి ఐదుగురు చనిపోయారు. ఇంత తలనొప్పి ఉన్నా శాచురేషన్‌ని ఎందుకు వదల్లేదంటే వేళ్ళ కోసమే. 2000లో రష్యా జలాంతర్గామి కుర్స్క్ మునిగినప్పుడు 108 మీటర్ల లోతులో తలుపు తెరిచింది నార్వే శాచురేషన్ డైవర్లు.

ఇంక కింది వైపు చూడు. మన కేజీ బేసిన్‌లో గ్యాస్ తీసే చోట్లు కొన్ని 2,000 మీటర్లు దాటాయి. అక్కడికి ఏ సూటూ పోదు, మొత్తం రోబోల పని. అంటే తక్కువ లోతులో డైవర్, ఎక్కువ లోతులో రోబో, మధ్యలో ఇరుక్కుపోయింది ఈ సూట్. ప్రపంచం మొత్తం మీద నేవీలు, కొద్దిమంది కాంట్రాక్టర్లు, పరిశోధన వాళ్ళు వాడతారు. ఒక్క సూట్ నీళ్ళలోకి దిగాలంటే క్రేన్, దాన్ని నడిపేవాళ్ళు, పైన కంట్రోల్ రూమ్, ఏదైనా అయితే కాపాడటానికి ఇంకో సూటూ ఇంకో మనిషీ సిద్ధంగా ఉండాలి. సూట్ ఉన్న కంపెనీ తన దగ్గర అప్పటికే పండిపోయిన డైవర్‌ని తీసుకుని నేర్పిస్తుంది. రోడ్డు మీద పోయేవాడిని పిలిచి ఆరు వారాల్లో నేర్పించి గల్ఫ్ పంపిస్తాననేది నేనెక్కడా వినలేదు.

నా మాట అయితే గాజులు బీరువాలోనే ఉండనీ.

గేట్లపని_మద్దిపాడు:

నేను రిజర్వాయర్ గేట్ల వైపు పనిచేస్తాను కాబట్టి ఒక మాట. తమ్ముడికి 300 మీటర్ల మీద మనసు పోయింది గానీ, 10 మీటర్ల నీళ్ళలోనే మనుషులు పోతారు. గేటు కింద ఒక అడుగు చదరం సందు ఉండి అవతల ఖాళీగా ఉందనుకో, 10 మీటర్ల నీళ్ళ దగ్గర ఆ సందు మీద 900 కిలోలు పడుతుంది. డైవర్ కాలు అటు పోయిందా, పైనుంచి పదిమంది లాగినా రాడు. ఒక్కోసారి నీళ్ళు లాగుతున్నట్టు పైకి అసలు తెలియదు కూడా, నిశ్చలంగా కనిపిస్తాయి. అందుకే అవతలి వైపు నీళ్ళు నింపి రెండు పక్కలా సమానం చేశాకే మనిషిని దించాలి, ఎవరు తొందరపెట్టినా సరే.

పని లేదని మాత్రం అనుకోవద్దు. మా గుండ్లకమ్మ ప్రాజెక్టులో 2022లో ఒక గేటు, 2023 డిసెంబర్‌లో ఇంకో గేటు కొట్టుకుపోయాయి, అందరూ చూసిందే. 2024 సెప్టెంబర్ వరదల్లో విజయవాడ ప్రకాశం బ్యారేజీ గేట్లకి పడవలు గుద్దుకుంటే నీళ్ళలోకి దిగి వాటిని కోసింది డైవర్లే. నీళ్ళ కింద కటింగ్, వెల్డింగ్ వచ్చినవాడు దొరక్క బయట ఊళ్ళ నుంచి పిలిపిస్తుంటారు. నువ్వు ఎటూ వెల్డర్‌వి.

జువ్వలదిన్నె_వెల్డర్:

అందరికీ చాలా థ్యాంక్స్. ఏజెంటుకి ఫోన్ చేసి సూట్ ఏ మోడల్, ఎక్కడ పెట్టారు, ఒకసారి చూడొచ్చా అని అడిగాను. "అదంతా చేరాక చూపిస్తాం, ముందు సీటు బుక్ చేసుకో" అన్నాడు. పాత డైవర్ అన్నా, మరి నాలాంటోడు ఎక్కడ మొదలుపెట్టాలి? నేవీకి వయసు దాటిపోయింది. కృష్ణపట్నంలో పనికొచ్చే డైవింగ్ ఏమైనా ఉంటుందా?

పాత_డైవర్_ఒంగోలు:

చేరాక చూపించేది పెళ్ళికూతురినైనా ఒప్పుకోరు ఈ కాలంలో. ఇంక ఆ ఫోన్ ఎత్తొద్దు.

కృష్ణపట్నంలో ఎందుకు ఉండదు? ఓడరేవులో నీళ్ళు 20 మీటర్ల లోపే, ఏ లోహపు సూటూ అక్కర్లేదు. ఓడ అడుగు తనిఖీ, ఫ్యాన్ పాలిష్, జెట్టీ స్తంభాలకి పట్టిన గుల్లలు గీకి పగుళ్ళు చూడటం, కరెంటు ప్లాంట్లు సముద్రపు నీళ్ళు తోడుకునే చోట జాలీలు శుభ్రం చేయడం, ఇవన్నీ డైవర్ల పనులు. నీళ్ళు బురద, చెయ్యి చాపితే చెయ్యి కనపడదు, కెమెరా పెట్టి తీసిన వీడియో మొత్తం టీ రంగులో ఉంటుంది. అక్కడ తడిమి పని చేయడం వస్తే ఎక్కడైనా చేస్తావు. జీతం గల్ఫ్ లెక్కలో ఉండదు, మొదట్లో డైవర్ గొట్టం పట్టుకునే టెండర్‌గా గట్టు మీదే ఉంచుతారు, అది చిన్నతనం అనుకోకు, కింద ఉన్నవాడి ప్రాణం నీ చేతిలో ఉంటుంది.

కోర్సు అంటావా, పైనుంచి గాలి పంపే సర్ఫేస్ సప్లైడ్ డైవింగ్ నేర్చుకో. ఆఫ్‌షోర్‌కి (నడి సముద్రంలో ఆయిల్ పనులకి) పోవాలంటే ఐఎమ్‌సీఏ అనే సముద్ర కాంట్రాక్టర్ల అంతర్జాతీయ సంస్థ గుర్తించిన సర్టిఫికెట్ అడుగుతారు, ఆ సంస్థ గుర్తించే సర్టిఫికెట్ల జాబితా వాళ్ళ వెబ్‌సైట్‌లోనే ఉంటుంది, ఎవడు ఏ కాగితం చూపించినా దాంట్లో ఉందో లేదో చూసుకో. బీచ్‌లో టూరిస్టులకి నేర్పే స్కూబా కార్డు ఈ పనికి చెల్లదు, దాన్ని కూడా ఏజెంట్లు అంటగడుతుంటారు.

వీటన్నిటి కంటే ముందు ఒక్క రూపాయి ఎవరికీ కట్టకుండా చెవులు, ఊపిరితిత్తులు చూపించుకో. వలలు కోయడానికి చిన్నప్పటి నుంచి దిగుతున్నావు కదా, చెవుల్లో నొప్పి వచ్చినా పట్టించుకోకుండా దిగి ఉంటావు, మన ఒడ్డున అందరూ అంతే. కర్ణభేరికి చిల్లు ఉంటే ఏ కంపెనీ తీసుకోదు. ఊళ్ళో డాక్టర్ రాసిచ్చే ఫిట్‌నెస్ కాగితం ఆఖరికి చెల్లదు, డైవింగ్ మెడికల్ చేయడానికి గుర్తింపు ఉన్న డాక్టర్లే చేయాలి. ముందైతే నెల్లూరులో ఏ ఈఎన్‌టీ దగ్గరికైనా పొయ్యి చెవి చూపించుకుని రా, ఆయన బాగుందంటేనే మెడికల్‌కి డబ్బు పెట్టు.

ఉలవపాడు_మామిడి:

ఆ ఏజెంటు నంబరు నాకు మెసేజ్‌లో పెట్టు తమ్ముడూ, మా బావమరిది కూడా చెన్నైలో ఎవరికో "సముద్రం కోర్సు" అని అడ్వాన్స్ ఇచ్చాడంటున్నారు, ఇద్దరూ ఒకడేనేమో చూద్దాం.